జాజ్ ఫ్యూజన్ వినాలంటే బాసు దగ్గర మొదలెట్టండి

జాజ్ ఫ్యూజన్‌లో, అంటే జాజ్‌ను రాక్, ఫంక్ లాంటి వాటితో కలిపిన సంగీతంలో, ఏం వినాలని ఎవరిని అడిగినా ముందు చెప్పే పేరు ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ'. చరిత్ర లెక్కన అది న్యాయమే. 1969 ఆగస్టులో మూడు రోజుల్లో రికార్డు చేసి 1970లో విడుదల చేసిన ఆ రెండు ఎల్పీల ఆల్బం తర్వాతే ఈ సంగీతానికి దారి వెడల్పయింది. కానీ కొత్తగా వినేవాళ్ల చేతిలో ముందే దాన్ని పెడితే ఏమవుతుందో తెలిసిందే. మొదటి ట్రాక్ 'ఫారోస్ డాన్స్' ఇరవై నిమిషాలు. అందులో పల్లవి ఏదో, దేన్ని పట్టుకుని వినాలో అర్థం కాక ఐదో నిమిషానికే ఆపేసి, ఇది మనకు పడే సంగీతం కాదని తేల్చేసుకుంటారు. తప్పు చెవులది కాదు, వరసది.

మనకు పాటంటే ముందు గొంతు, దాని కింద వాయిద్యాలు. సినిమా పాటైనా కచేరీ అయినా అంతే. ఫ్యూజన్‌లో ఆ గొంతు ఉండదు. ఉండే ట్యూను కూడా నిమిషం సేపు వినిపించి, ఆ తర్వాత పది నిమిషాలు కనపడకుండా పోతుంది. పైనున్న శాక్సఫోన్‌నో గిటార్‌నో వెంటాడితే కచ్చితంగా దారి తప్పుతాం, ఎందుకంటే వాళ్లు వాయించేది అప్పటికప్పుడు పుట్టే మనోధర్మం. మారకుండా ఉండేది కింద బాసు, అంటే మంద్రంలో నడిచే వాయిద్యం, దాన్ని అంటిపెట్టుకున్న డ్రమ్స్. రెండు మూడు నిమిషాలు ఆ బాసును నోటితో అనగలిగితే, పైన ఎవరెంత దూరం వెళ్లినా మనం ఎక్కడున్నామో తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ చెప్పే పాటల వరస ఆ ఒక్క సూత్రం మీదే కట్టినది: బాసు బాగా తెలిసేవి ముందు, అది తేలిపోయేవి చివర.

వినే ముందు రెండు మాటలు. ఫోను స్పీకరులో ఈ సంగీతం వినడం దండగ. బాసు గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోను స్పీకరు అంత కిందికి దిగలేదు, కాబట్టి అసలు పట్టుకోవాల్సినదే మాయమై పైన గోల మాత్రం మిగులుతుంది. వంద రూపాయల వైరు ఇయర్‌ఫోన్స్ అయినా దానికన్నా నయం. రెండోది, యాప్‌లో సౌండ్ క్వాలిటీ 'ఆటోమేటిక్'లో ఉంటే మొబైల్ డేటా మీద బాగా తగ్గిపోతుంది. అది ముందుగా తినేసేది డ్రమ్స్‌లోని కంచు తాళాల (సింబల్స్) మోతనే. ఛన్ ఛన్ అనాల్సింది నీళ్లు కారినట్టు సుయ్యిమంటుంది. 'హై'లో పెట్టుకోండి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట అయిపోకముందే తర్వాతిది కలిసి మొదలయ్యే ఏర్పాటు) ఆపేయండి, షఫుల్ కూడా. ఈ ఆల్బమ్‌లు చాలావరకు వరసగా వినడానికి చేసినవి.

మొదటి పాట 'కమీలియన్'. కీబోర్డు వాద్యకారుడు హెర్బీ హాన్‌కాక్ 1973లో తెచ్చిన 'హెడ్ హంటర్స్' ఆల్బంలో మొదటి ట్రాక్, నిడివి 15 నిమిషాల 41 సెకన్లు. దీనికి మూడు నిమిషాలకు లోపు కత్తిరించిన సింగిల్ వెర్షన్ కూడా దొరుకుతుంది. అది వద్దు. అందులో అసలు ప్రయాణమే ఉండదు.

పాట ఒంటరి బాసుతో మొదలవుతుంది. వాయించేది బాసు గిటార్ కాదు, ఆర్ప్ ఒడిస్సీ అనే సింథసైజర్ మీద హాన్‌కాక్ స్వయంగా. ఆ వరస ఎనిమిది లెక్కల్లో ఒక చుట్టు తిరుగుతుంది, అంటే మన ఆది తాళంలో ఒక ఆవర్తం. మొదటి నాలుగు లెక్కలు బి ఫ్లాట్ మీద, తర్వాతి నాలుగు ఇ ఫ్లాట్ మీద. బి ఫ్లాట్‌ను షడ్జమం చేసుకుంటే ఇ ఫ్లాట్ శుద్ధ మధ్యమం అవుతుంది. స మీద నాలుగు, మ మీద నాలుగు, పాట మొదటి సగమంతా ఇంతే. తంబూరా యాప్ ఉన్నవాళ్లు ఆరున్నర శ్రుతి పెట్టుకుని చూడవచ్చు.

ఇక్కడే చాలామంది తాళం తప్పుతారు. బాసు సమం మీద, అంటే తాళంలో మొదటి లెక్క మీద, మొదలు కాదు. సమానికి ముందే మూడు స్వరాలు ఒకదాని పక్కన ఒకటి ఎక్కుతూ వచ్చి, నాలుగోది స మీద దిగుతుంది. మన భాషలో అతీత గ్రహం. ముందు వినపడిన స్వరాన్నే సమం అనుకుని చప్పట్లు మొదలుపెడితే, డ్రమ్స్ వచ్చినప్పుడు మన చెయ్యి ఒక చోట, డ్రమ్స్ వాయించే హార్వీ మేసన్ ఒక చోట ఉంటాం. దీనికి మందు సులువు. బాసు ఒక్కటే ఉన్నంతసేపు చెయ్యి కదపకండి. డ్రమ్స్ వచ్చాక, ఆ ఎక్కే మూడు స్వరాలు ఎక్కడ దిగుతున్నాయో అక్కడి నుంచి ఒకటి అని లెక్క పెట్టండి.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇంకో ఆసరా ఉంది. ఈ రెండు తీగస్వరాలకు, అంటే కార్డ్స్‌కు, సరిపోయేది డోరియన్ స్కేలు. స్వరస్థానాల లెక్కన అది ఖరహరప్రియ. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. 'చక్కని రాజ మార్గము' పాడినవాళ్లకు ఆ మెట్లు నోట్లోనే ఉంటాయి. గమకాలు, రాగ నడక వేరు సుమా, పోలిక మెట్ల వరకే. పైన చెప్పిన ఎక్కే స్వరాల్లో మాత్రం ఒక అన్యస్వరం దొర్లుతుంది. స మీదికి వచ్చేటప్పుడు కాకలి నిషాదం, మ మీదికి వచ్చేటప్పుడు అంతర గాంధారం. ఆ బాసుకు ఆ కొంటెతనం వచ్చింది వాటి వల్లే.

డ్రమ్స్ తర్వాత పైన చికుచికుమంటూ గిటార్ లాంటిది వస్తుంది. ఈ ఆల్బంలో గిటార్ వాద్యగాడే లేడు. అది పాల్ జాక్సన్ తన బాసు గిటార్‌ను పైస్థాయిలో వాయించడం. ఇంకో గిటార్ లాంటి చప్పుడు క్లావినెట్ అనే కీబోర్డుది, అదీ హాన్‌కాక్‌దే. బెన్నీ మాపిన్ శాక్సఫోన్ మీద అసలు ట్యూను ఆ తర్వాత వస్తుంది. ఆ పిమ్మట సింథసైజర్ సోలో, అది చాలాచోట్ల ఖరహరప్రియ గీత దాటి బయటికి పోతుంది. దాటినప్పుడు కంగారుపడకుండా బాసు దగ్గరికి చెవి దించండి. ఏడున్నర నిమిషాలు దాటాక మొత్తం మారుతుంది: కొత్త బాసు వరస, కొంచెం వడి, ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో. వేరే పాట వచ్చిందేమో అనిపిస్తుంది. అదే పాట, చివర్లో పాత బాసు మళ్లీ దిగుతుంది. ఈ రెండో సగమే ఈ ఆల్బంలో అత్యంత అందమైన భాగం, కానీ ఎక్కువమంది అంతదాకా ఉండరు.

అదే ఆల్బంలో రెండోది 'వాటర్‌మెలన్ మ్యాన్'. మొదట్లో వినపడే వేణువు లాంటి ఊపు బిల్ సమ్మర్స్ ఖాళీ బీరు సీసాలో ఊదినది, మధ్య ఆఫ్రికా పిగ్మీల పద్ధతిని అనుసరించి. వెతికేటప్పుడు జాగ్రత్త. ఇదే పేరుతో 1962లో హాన్‌కాక్ చేసిన మామూలు జాజ్ వెర్షన్ ఒకటి ఉంది. ట్యూను ఒకటే, సంగీతం పూర్తిగా వేరు.

తర్వాత వినాల్సింది వెదర్ రిపోర్ట్ బృందం 'బర్డ్‌ల్యాండ్', 1977 నాటి 'హెవీ వెదర్' ఆల్బం నుంచి. రాసింది కీబోర్డు వాయించే జో జావినుల్, పేరు న్యూయార్క్‌లోని ఒక జాజ్ క్లబ్బుది. ఆరు నిమిషాల లోపే. ఫ్యూజన్ అంటే బెదిరిపోయేవాళ్లకు నేరుగా వినిపించదగ్గ పాట ఏదైనా ఉంటే ఇదే. ఇక్కడా ఒక మాయ ఉంది. మొదట్లో సన్నగా, గిటార్ లాగా వినిపించే ట్యూను జాకో పాస్టోరియస్ బాసు గిటార్ మీద వాయించినది. ఎడమ చేత్తో స్వరాన్ని నొక్కి, కుడి బొటనవేలితో అదే తీగను సరిగ్గా సగం దూరంలో తాకుతూ, వెనక వేలితో మీటితే స్థాయి పైకి దూకి గంట మోగినట్టు వస్తుంది. దాన్ని కృత్రిమ హార్మోనిక్ అంటారు. బొటనవేలు కాస్త పక్కకు పోతే స్వరం రాదు, టక్కుమన్న చప్పుడు మాత్రం వస్తుంది. ఆ పద్ధతిలో మొత్తం ట్యూను లాగడం అప్పట్లో అరుదు.

అందరికీ తెలిసిన ఆ పెద్ద పల్లవి దాదాపు రెండు నిమిషాల దాకా రాదు. అంతదాకా వచ్చేవన్నీ చిన్న చిన్న ముక్కలు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాయి. జావినుల్ ఇందులో పొడవాటి సోలోలకు చోటే ఇవ్వలేదు. అందుకే జాజ్ వినని వాళ్లకు కూడా ఎక్కుతుంది. దీనికి జాన్ హెండ్రిక్స్ మాటలు రాస్తే మాన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్ గాయక బృందం 1979లో పాడింది. అదీ బాగుంటుంది, కానీ ముందు అసలుది వినండి.

'హెవీ వెదర్'లో ఇంకో రెండు వదలకూడదు. 'టీన్ టౌన్' మూడు నిమిషాల లోపు. బాసే ఇందులో నాయకుడు, డ్రమ్స్ కూడా జాకోనే వాయించాడు. 'ఎ రిమార్క్ యూ మేడ్' నెమ్మదిగా సాగుతుంది. వేన్ షార్టర్ శాక్సఫోన్, జాకో బాసు ఒకరి మాట ఒకరు అందుకుంటూ వెళ్తారు. జాకో బాసులో మెట్లు ఉండవు, అందుకే స్వరం నుంచి స్వరానికి జారుతుంది. మన చెవికి ఆ జారుడు కొత్త కాదు, చిత్రవీణలో విన్నదే.

ఇక కొంచెం కారం. డ్రమ్స్ వాద్యకారుడు బిల్లీ కోబమ్ 1973 ఆల్బం 'స్పెక్ట్రమ్'లోని 'స్ట్రేటస్'. దీన్ని ఆపేసేవాళ్లు ఎక్కువ, కారణం ఒక్కటే: మొదటి మూడు నిమిషాలు పాట ఉండదు. సింథసైజర్ గాలి ఊదినట్టు ఏవో శబ్దాలు చేస్తుంటే, తాళం లేకుండా కోబమ్ డ్రమ్స్ మీద ఉరుములు పుట్టిస్తుంటాడు. మూడో నిమిషం దాటగానే లీ స్క్లార్ బాసు దిగుతుంది. అప్పటి నుంచి చివరిదాకా దాదాపు కదలదు. మొదటిసారి వింటున్నవాళ్లు తిన్నగా మూడో నిమిషానికి జరిపి విన్నా పాపం లేదు. రెండోసారి మాత్రం మొదటి నుంచి వినాలి, ఆ మూడు నిమిషాల ఎదురుచూపు లేకపోతే బాసు దిగినప్పటి దెబ్బ సగమే.

స్క్లార్ జాజ్ వాడు కాదు, జేమ్స్ టేలర్ లాంటి గాయకుల వెనక వాయించేవాడు. గిటార్ వాయించిన టామీ బోలిన్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లు నిండలేదు, అతనూ రాక్ మనిషే. కోబమ్ తెలివి అక్కడుంది. బాసు వాడు జాజ్ పండితుడైతే రెండో నిమిషంలోనే వరసకు అలంకారాలు చేర్చడం మొదలెట్టేవాడు. స్క్లార్ మార్చడు, కాబట్టే పైన కోబమ్ ఎంత విరగదీసినా మనకు నేల కదలదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరపు బృందం మాసివ్ అటాక్ 1991లో 'సేఫ్ ఫ్రమ్ హార్మ్' పాటకు ఈ బాసునే తీసి వాడుకుంది. ఆ పాట తెలిసినవాళ్లు 'స్ట్రేటస్' వినగానే గుర్తుపడతారు.

'స్పెయిన్' గురించి ఎంత చెప్పినా తక్కువే. పియానో వాద్యకారుడు చిక్ కొరియా రాసినది, రిటర్న్ టు ఫరెవర్ బృందం 'లైట్ యాజ్ ఎ ఫెదర్' ఆల్బంలో 1973లో వచ్చింది. దీనికి లెక్కలేనన్ని వెర్షన్లు ఉన్నాయి, కొరియానే జీవితాంతం రకరకాలుగా వాయించాడు. ముందు వినాల్సింది ఆ పది నిమిషాల మొదటిదే. మొదట ఎలక్ట్రిక్ పియానో మీద నెమ్మదిగా వచ్చే ముక్క కొరియాది కాదు. స్పెయిన్ స్వరకర్త వాకిన్ రోద్రిగో 1939లో గిటార్, ఆర్కెస్ట్రాల కోసం రాసిన 'కొన్సియెర్తో దె అరన్‌హ్వెస్'లో రెండో భాగం అది. 1960లో వచ్చిన ఆల్బంలో మైల్స్ డేవిస్ కూడా అదే ట్యూను వాయించాడు. ఆ ముక్క కాగానే సాంబా నడక అందుకుంటుంది, దాని మీద అందరూ కలిసి ఒకే స్వరవరస వాయిస్తారు, మధ్య మధ్య చప్పట్లు.

ఆ చప్పట్లే పరీక్ష. అవి లెక్క మీద పడవు, లెక్కల మధ్య పడతాయి. వాటితో కలిసి కొట్టాలని చూస్తే మొదట్లో అందరూ తప్పుతారు. పాదంతో నిలకడగా లెక్క కొడుతూ, చేతులు మాత్రం పాటలోని చప్పట్లతో కొట్టాలి. అరగంట సాధనతో వస్తుంది. దీనిలో బాసు స్టాన్లీ క్లార్క్‌ది, ఎలక్ట్రిక్ కాదు, నిలబెట్టి వాయించే కర్ర బాసు. కాబట్టి చెవికి మెత్తగా తగులుతుంది, ఇయర్‌ఫోన్స్ లేకపోతే అసలు తెలియదు. ఇందులో 'కమీలియన్' లాగా బాసు ఒక్కచోట ఉండదు, తీగస్వరాలతోపాటు నడుస్తుంది. ఐర్టో మొరేరా డ్రమ్స్ నిలకడగా ఉంటాయి, పట్టుకోవాల్సింది వాటినే. పైన జో ఫారెల్ వేణువు. మన వేణువు అలవాటున్న చెవికి ఈ వెండి వేణువు గమకం లేక కొంచెం బిరుసుగా తోచవచ్చు.

గమకం కావాలంటే గిటార్ వాద్యకారుడు జెఫ్ బెక్. 1975 నాటి 'బ్లో బై బ్లో' ఆల్బంలో 'కాజ్ వీవ్ ఎండెడ్ యాజ్ లవర్స్'. రాసింది స్టీవీ వండర్, నిర్మించింది బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్. ఇది కచ్చితంగా జాజా అని వాదించేవాళ్లు ఉన్నారు, వాదించుకోనివ్వండి. ఆరు నిమిషాలలోపు నెమ్మదైన పాట. ప్రతి స్వరాన్నీ గిటార్ మీదున్న వాల్యూమ్ గుబ్బను చిటికెన వేలితో తిప్పుతూ లోపలి నుంచి తెస్తాడు. మీటిన టిక్కుమనే మొదలు వినపడదు కాబట్టి గొంతు తీసినట్టు ఉంటుంది. తీగను పక్కకు లాగి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎక్కించడం, దించడం వినండి. వీణ మీద తీగ లాగే విద్యే అది. సాయంత్రం వేళ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు స్పీకర్ మీద పెట్టినా ఎవరూ ఆపమనరు. ఈ జాబితాలో ఆ గ్యారంటీ ఉన్నది దీనికొక్కదానికే.

ఇప్పటిదాకా చెప్పినవి రెండు మూడు వారాలు వింటే చెవి సిద్ధమైనట్టే. ఇక లెక్కల గొడవ.

ఫ్యూజన్‌లో నాలుగు లెక్క దాటిన తాళాలు వచ్చినప్పుడు పాశ్చాత్య శ్రోతలు తలపట్టుకుంటారు. మనకు ఆ బాధ సగమే. ఐదు అంటే ఖండం, ఏడు అంటే మిశ్రం, తొమ్మిది అంటే సంకీర్ణం. నోటితో అనడానికి మాటలు కూడా ఉన్నాయి. ముందు ఐదుతో సాధన చెయ్యాలంటే ఫ్యూజన్ కాకపోయినా డేవ్ బ్రూబెక్ బృందం 1959లో చేసిన 'టేక్ ఫైవ్' తీసుకోండి. 'తకిట తక' అంటూ పియానోతో కలిసి అనండి, మూడు, రెండు. మన ఖండచాపు రెండు, మూడు కాబట్టి 'తక తకిట' అలవాటున్నవాళ్లకు మొదట్లో తిరగబడినట్టు ఉంటుంది. పియానో మారదు, మనమే మారాలి.

అది వచ్చాక మహావిష్ణు ఆర్కెస్ట్రా. పేరు చూసి భజన బృందం అనుకునేరు. ఇంగ్లండ్ గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో పెట్టిన బృందం, ఆ పేరు ఆయనకు గురువు శ్రీ చిన్మయ్ ఇచ్చినది. 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' 1973 ఆల్బంలో మొదటి పాట. గాంగు మోతతో మొదలై, పన్నెండు తీగల గిటార్ మీద ఒక చుట్టు తిరిగే వరస వస్తుంది. ఆ చుట్టు 18 మాత్రలు. 'తకిట' ఆరుసార్లు అంటే సరిపోతుంది. డ్రమ్స్ ఎక్కడ బలంగా పడుతున్నాయో దాన్ని చూసి మార్చుకోవద్దు, అవి కావాలనే అడ్డం తిరుగుతాయి. గిటార్ వరస మొదటి స్వరం తిరిగి వచ్చినప్పుడు మీ ఆరో తకిట అయిపోయి ఉండాలి. అది కలిస్తే, పైన వయొలిన్, గిటార్ కలిసి పెట్టే కేక భయపెట్టదు. డ్రమ్స్ వాయించేది 'స్ట్రేటస్' కోబమే.

ఇది పెద్ద సౌండ్‌తో వినే సంగీతమని అందరూ అంటారు. మొదట్లో తగ్గించే వినడం మేలు. గిటార్ గరగర, వయొలిన్, సింథసైజర్ మూడూ ఒకే ఎత్తులో అరుస్తుంటాయి కాబట్టి ఎక్కువ పెడితే చెవి అలిసి బాసు వినిపించదు. వీళ్ల మొదటి ఆల్బం 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్'లో 'ద డాన్స్ ఆఫ్ మాయా' కూడా లెక్క సరదా ఉన్నవాళ్లకు. ముందు పది లెక్కలో బరువుగా నడిచే వరస, తర్వాత బ్లూస్ ఊపు, చివర్లో రెండూ ఒకదాని మీద ఒకటి. రెండూ విడివిడిగా తెలిస్తే తప్ప ఆ కలయిక గోలలాగే ఉంటుంది, కాబట్టి మొదటి భాగాన్ని రెండు మూడుసార్లు విన్నాకే ముందుకు పోవాలి.

మెక్‌లాఫ్లిన్‌కు మన సంగీతం పేరు వరకే కాదు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. ఆ చదువు ఫలం 'శక్తి' బృందం. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, టి.హెచ్. విక్కు వినాయక్రమ్ ఘటం. మొదటి ఆల్బంలో ఆర్. రాఘవన్ మృదంగం కూడా ఉంది. మెక్‌లాఫ్లిన్ చేతిలో ఎలక్ట్రిక్ గిటార్ పోయి, మెట్ల మధ్య కర్రను లోతుగా చెక్కిన అకూస్టిక్ గిటార్ వచ్చింది. అలా చెక్కితేనే తీగను లోపలికి నొక్కి గమకం తీయవచ్చు. అడ్డంగా ఏడు అనునాద తీగలు కూడా కట్టించుకున్నాడు.

ఇందులో బాసు లేదు, డ్రమ్స్ లేవు. మరి పట్టుకోవడానికి ఏముంది? మనకు ఉంది, తాళం. 'శక్తి'ని తెలుగువాళ్లు జాబితాలో మొదటే పెట్టుకున్నా తప్పులేదు. 1975 జులైలో న్యూయార్క్ దగ్గర ఒక కాలేజీ కచేరీలో రికార్డు చేసిన 'జాయ్' పద్దెనిమిది నిమిషాలు, శ్వాస తీసుకోనివ్వదు. అంత ఓపిక లేకపోతే 1976 నాటి 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ'లోని 'లా డాన్స్ దు బొనర్' ఐదు నిమిషాల లోపే. నోటి జతులతోనే మొదలవుతుంది.

ఆ బృందం 1990ల చివర 'రిమెంబర్ శక్తి'గా మళ్లీ కలిసినప్పుడు వయొలిన్ స్థానంలో వచ్చినది మన పాలకొల్లు బిడ్డ, మాండొలిన్ యు. శ్రీనివాస్. 2000లో వచ్చిన 'ద బిలీవర్' అనే ప్రత్యక్ష కచేరీ ఆల్బం తీసుకోండి. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు ఉంటాయి, జంట తీగ మీద గమకం సరిగ్గా పలకదు, ఎందుకంటే లాగినప్పుడు రెండూ సమానంగా సాగవు. శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడాడు. 'మాయా', 'లోటస్ ఫీట్' రెండూ ఈ ఆల్బంలో ఉన్నాయి. 'లోటస్ ఫీట్' నెమ్మదైనది, ముందు అది. గిటార్ ఒక వాక్యం అంటే మాండొలిన్ జవాబు చెప్పే చోట్ల, ఎడమ చెవి కుడి చెవి తేడా తెలిసేలా రెండు ఇయర్‌ఫోన్లూ పెట్టుకోండి. శ్రీనివాస్ 2014లో 45 ఏళ్లకే పోయాడు. శక్తి పేరుతో 2023లో వచ్చిన 'దిస్ మొమెంట్' 2024లో గ్రామీ గెలిచింది. మంచి ఆల్బమే, అయినా 'ద బిలీవర్'లోని ఆ చురుకు దానిలో లేదు.

కొత్తవాటిలో ఒక్కటి చాలు: స్నార్కీ పప్పీ బృందం 'లింగస్', 2014 నాటి 'వీ లైక్ ఇట్ హియర్' నుంచి. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో స్టూడియోలోనే శ్రోతలను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు ఇచ్చి రికార్డు చేశారు. దీన్ని వీడియోగా చూడటమే మంచిది, ఎవరు ఏం వాయిస్తున్నారో కళ్లకు కనపడుతుంది. ఐదు లెక్కతో మొదలవుతుంది. నాలుగో నిమిషం దాటాక కోరీ హెన్రీ కీబోర్డు సోలో. పక్కనున్న వాద్యకారుల ముఖాలు చూస్తే చాలు, అతను ఎప్పుడు హద్దు దాటాడో తెలుస్తుంది.

స్పైరో గైరా 'మార్నింగ్ డాన్స్' (1979) లాంటివి పని చేసుకుంటూ వినడానికి హాయిగా ఉంటాయి. జపాన్ వాళ్లు ఈ తేలికతనంలోనే చాలా నైపుణ్యం చూపించారు. కాసియోపియా 'మింట్ జామ్స్' (1982) అంతా వినదగ్గదే. టీ-స్క్వేర్ 'ట్రూత్' జపాన్ టీవీలో ఫార్ములా వన్ పందేలకు వాడిన ట్యూను. అలన్ హోల్డ్స్‌వర్త్ జోలికి మాత్రం ఇప్పుడే వద్దు. గిటార్ వాయించేవాళ్లకే ఆయన ఏం చేస్తున్నాడో అర్థం కావడానికి ఏళ్లు పడుతుంది.

ఇక మైల్స్. పైన పేర్లు వచ్చినవాళ్లలో హాన్‌కాక్, జావినుల్, షార్టర్, కొరియా, మెక్‌లాఫ్లిన్ అందరూ ఆయన దగ్గర వాయించి బయటికొచ్చినవాళ్లే. ముందు 'ఇన్ ఎ సైలెంట్ వే' వినండి. 1969 ఫిబ్రవరి 18న ఒక్కరోజులో రికార్డైంది. మెక్‌లాఫ్లిన్ న్యూయార్క్ వచ్చి రోజులే అయ్యాయి. ముగ్గురు కీబోర్డు వాళ్లు ఒకేసారి వాయిస్తారు. ఎల్పీకి ఒక్కో వైపు ఒక్కో ట్రాక్, రెండూ ఇరవై నిమిషాలకు దగ్గరగా. రెండో వైపు నుంచి మొదలుపెట్టడం తేలిక. పేరున్న ట్యూను జావినుల్‌ది. ఆయన పేర్చిన తీగస్వరాలన్నీ మైల్స్ పీకేసి ఒకే శ్రుతి మీద నిలబెట్టాడు, అందుకే తంబూరా ముందు కూర్చున్నట్టు ఉంటుంది. నాలుగు నిమిషాల తర్వాత బాసు వరస అందుకుంటుంది, అక్కడి నుంచి మన పద్ధతే. చివర్లో మొదటి ట్యూను మళ్లీ వస్తుంది. మళ్లీ వాయించలేదు, నిర్మాత టియో మాసెరో మొదటి టేపునే కోసి చివర అతికించాడు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, ఊపిరితో సహా ఒకటే. మొదటి వైపూ అంతే, తొలి ఆరు నిమిషాల భాగం చివర తిరిగి వస్తుంది. ఈ కోతల సంగతి తెలియక 'ఎంత కచ్చితంగా మళ్లీ వాయించారో' అని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు.

అప్పుడు 'బిచెస్ బ్రూ'. మొదటి ట్రాక్ వదిలేసి, రెండో ఎల్పీలోని 'మైల్స్ రన్స్ ద వూడూ డౌన్' తీయండి, పద్నాలుగు నిమిషాలు. డాన్ అలియాస్ అనే వాద్యకారుడు న్యూ ఆర్లీన్స్ వీధి ఉత్సవాల్లో విన్న దరువును దీనికి పట్టుకొచ్చాడు, అందుకే ఈ ఆల్బంలో కాళ్లకు అందే పాట ఇదే. బాసులు రెండు, ఒకటి ఎలక్ట్రిక్, ఒకటి కర్రది. ఎలక్ట్రిక్‌ది పట్టుకోండి. కిందుగా గొణుగుతూ తిరిగే బాసు క్లారినెట్ ఒకటి వినిపిస్తుంది. దాన్ని వాయించేది బెన్నీ మాపిన్, 'కమీలియన్'లో శాక్సఫోన్ పట్టినవాడే. ఈ పాట నోటికి వచ్చాక 'స్పానిష్ కీ', ఆ తర్వాతే 'ఫారోస్ డాన్స్'.